సాలెపురుగు రాశి

పదమూడో రాశి వార్త మనకు కొత్త కాదు. 2011 జనవరిలో ఒకసారి వచ్చింది, 2016లో మరొకసారి వచ్చింది, ఆ తరువాత ఎన్నిమార్లు వచ్చి పోయిందో లెక్కపెట్టడం మానుకున్నాను. వృశ్చికానికీ ధనుస్సుకూ నడుమ సర్పధారి అనే మరొక రాశి బయటపడిందని, నాసావారు రాశిచక్రాన్నే మార్చివేశారని, కనుక ఇన్నాళ్ళూ మీది అనుకున్న రాశి మీది కాదని ఆ వార్త సారాంశం. (నాసావారు అటువంటి పని చేయలేదు. రాశులను మార్చలేదని, లెక్క మాత్రమే చెప్పామని అప్పుడే వివరణ ఇచ్చుకున్నారు.) ఈ వార్త వచ్చినప్పుడల్లా హేతువాదులైన మిత్రులు జ్యోతిషం కూలిపోయిందని చంకలు గుద్దుకుంటారు. జ్యోతిషాభిమానులైన మిత్రులు అది పాశ్చాత్యుల గొడవ, మనకు అంటదని మీసం దువ్వుతారు. మూడవ వర్గం ఒకటున్నది. సాహిత్యం చదువుకున్నవారిది. వారు ఇరుపక్షాలనూ చూసి చిరునవ్వు నవ్వి, "గ్రహాల లెక్కలు పక్కన పెట్టండి. మేషం, వృషభం, సింహం, వృశ్చికం ఇవన్నీ ప్రతీకలు. మానవస్వభావాన్ని గురించి పూర్వులు దర్శించిన లోతైన సత్యాలు ఆ జంతువుల్లో దాగి ఉన్నాయి" అంటారు.

నా తగవు ప్రధానంగా ఈ మూడవ వర్గంతోనే. ఎందుకంటే మొదటి రెండు వర్గాల వాదాలు తప్పైనా ఒప్పైనా తేల్చుకోదగినవి. మూడవ వర్గంవారి వాదం తేలదు, మునగదు. ఆ వాదాన్ని తూచడానికి నాకు దొరికిన తూకపురాయి సర్పధారి కాదు. ఒక సాలెపురుగు.

జాన్ స్లాడెక్ అని ఒక అమెరికన్ రచయిత ఉండేవాడు. 1937లో అయొవా రాష్ట్రంలో పుట్టాడు, 2000లో చనిపోయాడు. నడుమ దాదాపు రెండు దశాబ్దాలు లండనులో కాపురముండి వైజ్ఞానిక కల్పనలు రాశాడు. వెక్కిరింత అతనికి ఊపిరి. 1973లో 'ది న్యూ అపోక్రిఫా' అనే పుస్తకం ప్రకటించి, అందులో ఆనాటి దొంగశాస్త్రాలనూ క్షుద్రవిద్యలనూ వరుసబెట్టి ఉతికి ఆరవేశాడు. అంతటితో ఊరుకుంటే అతడు మరొక ఖండనకారుడుగా మిగిలిపోయేవాడు. ఖండిస్తే ఎవరూ మారరని గ్రహించాడు కాబోలు, నాలుగేళ్ళ తరువాత మరొక దారి తొక్కాడు. 1977లో జేమ్స్ వోగ్ అనే మారుపేరు తగిలించుకుని 'అరాక్నే రైజింగ్' అనే పుస్తకం రాశాడు. రాశిచక్రంలో మొదట పదమూడు రాశులు ఉండేవట. పదమూడవది సాలెపురుగట, దాని పేరు అరాక్నే. వృషభ మిథునాల నడుమ మే 13 మొదలు జూన్ 9 వరకు దాని ఏలుబడి. ఆ రోజుల్లో పుట్టినవారికి అతీంద్రియశక్తులు సహజంగా అబ్బుతాయట. ఈ రహస్యాన్ని గిట్టనివారు యుగాల తరబడి తొక్కిపట్టారట.

ఇందులో ఒక్క ముక్కకూ ఆధారం లేదు. అంతా స్లాడెక్ బుర్రలో పుట్టింది. జనం దేనినైనా నమ్ముతారని చూపడానికే ఆ రాశిని పుట్టించాడు. అయితే పుట్టించిన తీరు చూడండి, ఎంత పనితనమో! ఆ తేదీలు ఉత్తినే ఎంచుకున్నవి కావు. రాబర్ట్ గ్రేవ్స్ అనే ఆంగ్లకవి 1948లో 'ది వైట్ గాడెస్' అనే గ్రంథంలో ప్రాచీన కెల్టుల పంచాంగమంటూ పదమూడు నెలల చెట్ల పంచాంగాన్ని ఊహించాడు. నెలకు 28 రోజుల చొప్పున 364, పైన ఒక రోజు మిగులు. అందులో హాథార్న్ చెట్టు నెల సరిగ్గా మే 13 నుంచి జూన్ 9 వరకు. కెల్టు పండితులు ఆ పంచాంగాన్ని ఒప్పుకోరు, అది గ్రేవ్స్ కవితావేశమే అంటారు. అనగా ఒక కవి ఊహకు కట్టిన దారం మీద ఒక కథకుడు గూడు అల్లాడు. ఇక "తొక్కిపట్టారు" అన్న మాట మహత్తు ఏమిటంటే, సాక్ష్యం లేకపోవడమే సాక్ష్యమైపోతుంది. ఎక్కడా ఆ రాశి ప్రస్తావన లేదేమని అడిగారా, అదిగో చూశారా ఎంత చక్కగా చెరిపివేశారో అని జవాబు.

నమ్మినవారు నమ్మారు. అది హాస్యానికి రాసినదన్న సంగతి తరువాత బయటపడింది. అయినా ఆ రాశి చావలేదు. స్లాడెక్ పోయిన తరువాత కూడా అంతర్జాలంలో వెతికితే సాలెపురుగు రాశివారి గుణగణాలను ముచ్చటగా వర్ణించే పుటలు కనబడతాయి. కన్నతండ్రి నా బిడ్డ కాదు, బొమ్మ అని చెప్పినా పెంచుకునేవారు వదలలేదన్నమాట.

జంతువును ఎంచుకోవడంలోనే ఉన్నది కిటుకంతా. గ్రీకుల కథలో అరాక్నే లిడియా దేశపు నేతగత్తె. తన నేత దేవత నేతకు తీసిపోదన్నది. ఓవిడ్ చెప్పిన కథలో పందెం జరుగుతుంది. దేవతల అకృత్యాలన్నీ బట్టలో నేసి చూపుతుంది. ఆ నేతలో లోపం పట్టలేక దేవత బట్టను చించి, ఆమెను కొడుతుంది. అవమానంతో ఉరివేసుకోబోయిన ఆ పిల్లను సాలెపురుగును చేస్తుంది. ఈ ఒక్క కథలో కళ ఉన్నది, అహంకారం ఉన్నది, అధికారాన్ని ఎదిరించే తెగువ ఉన్నది, అన్యాయానికి గురికావడం ఉన్నది. వీటిలో ఏదో ఒకటి తనలో లేదనుకునే మనిషి ఎవరైనా ఉంటారా?

స్లాడెక్ ఆంగ్లంలో చేసిన పనిని నేను తెలుగులో చేసి చూపుతాను. మనకు మరీ సులువు. సాలెపురుగుకు మన దగ్గర గ్రీకుల కంటె గొప్ప వంశవృక్షం ఉన్నది. తనలోనుంచి దారం తీసి మళ్ళీ తనలోకి తీసుకునే ఊర్ణనాభిని ముండకోపనిషత్తు సృష్టికర్తకు ఉపమానం చేసింది. శ్రీకాళహస్తిలో 'శ్రీ' అంటే సాలెపురుగే. శివుడికి దారాలతో గుడి కట్టి, దీపం ఆ గుడిని కాల్చివేస్తే మంటను మింగబోయిన భక్తశిఖామణి. ధూర్జటి దాని మీద ఎంత ప్రేమతో రాశాడో మీకు తెలుసు. ఇంత సరంజామా ఉండగా 'లూతారాశి' ఫలం రాయడానికి ఎంతసేపు?

"లూతారాశివారు ఏకాంతప్రియులు. అయినను పదిమందిని ఒక్కచోట కూర్చగల నేర్పు వీరికి సహజము. ఓర్పు మెండు. ఒకసారి తెగిన పనిని మరల మొదటినుండి ఆరంభింపగలరు. పైకి కదలక మెదలక ఉన్నట్లు కనిపించినను చుట్టూ జరుగునది ప్రతిదియు వీరికి తెలియును. తమ శ్రమకు తగిన గుర్తింపు రాలేదన్న బాధ లోలోపల ఉండును. నమ్మినదాని కొరకు నిప్పులోనికైనను దూకుదురు."

ఉదాహరణలు కావాలా? మే 13కూ జూన్ 9కీ నడుమ పుట్టినవారిని చూడండి. సురవరం ప్రతాపరెడ్డి, 1896 మే 28. తెలంగాణలో కవులే లేరన్నవారికి 354 మంది కవులను ఒక్క గోలకొండ కవుల సంచికలో అల్లి 1934లో జవాబు చెప్పినవాడు. సాలెగూడు కాక మరేమిటది? నందమూరి తారక రామారావు, 1923 మే 28. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా అధికారం పట్టినవాడు. ఎంత వేగంగా పన్నిన వల! నీలం సంజీవరెడ్డి, 1913 మే 19. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడి 1977లో అదే పీఠం ఎక్కినవాడు. తెగిన దారాన్ని మళ్ళీ కట్టడమంటే అదీ! ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, 1946 జూన్ 4. గొంతులోనుంచి దారం తీసినట్టు పాట తీసినవాడు. అన్నిటికీ మించి రొనాల్డ్ రాస్, 1857 మే 13, సరిగ్గా రాశి ఆరంభదినం. 1897లో సికందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న మహానుభావుడు. దోమను పట్టేది సాలెపురుగు కాక ఇంకెవరు?

రాస్తూ ఉంటే నాకే నమ్మబుద్ధి వేస్తున్నది, ఏం చేయను!

ఇప్పుడు అదే జాబితాను తీసుకుని సాలెపురుగును దించి మరొక ప్రతీకను కూర్చోబెట్టండి. పాశ్చాత్యుల లెక్కలో రామారావు మిథునరాశివాడు. మిథునమంటే జంట. 1964 నాటి 'రాముడు భీముడు' ద్విపాత్రాభినయం గుర్తు తెచ్చుకోండి, సరిపోయింది గదా! సురవరం చరిత్రకారుడూ పత్రికా సంపాదకుడూను, మళ్ళీ జంటే. మన నిరయన లెక్కలో, రాస్‌ను అంచున ఉన్నాడని వదిలివేస్తే, తక్కిన నలుగురు పుట్టినప్పుడూ సూర్యుడు వృషభంలోనే ఉన్నాడు. ఎద్దు అంటే పట్టుదల, బరువు మోసే ఓర్పు. సంజీవరెడ్డికి ఇంతకంటె మంచి వర్ణన దొరకదు. మనకు రాశి అంటే సూర్యుడిది కాదు, చంద్రుడిది అంటారా? అప్పుడు అదే మనిషికి మరొక జంతువు వస్తుంది, అదీ సరిపోతుంది. సరిపోకపోవడం అనేది ఈ విద్యలో లేదు. సాలెపురుగు సరిపోయిందంటే ఆకాశంలో సాలెపురుగు ఉన్నందువల్ల కాదు, మనిషిలో అన్ని జంతువులూ కొంత కొంత ఉన్నందువల్ల.

దీనిని ప్రయోగం చేసి చూపినవాడు బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1948లో తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి వారి స్వభావవర్ణన అంటూ ఒక కాగితం ఇచ్చి, అది ఎంత నిజమో అయిదుకు ఎన్ని మార్కులో వేయమన్నాడు. సగటున 4.26 మార్కులు వచ్చాయి. కాగితాలు విప్పి చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన. అందులోని వాక్యాలు చాలావరకు అంగట్లో కొన్న జ్యోతిష పుస్తకంలోనివి. పైన నా లూతారాశి ఫలంలో "శ్రమకు తగిన గుర్తింపు రాలేదన్న బాధ" అని ఎందుకు చేర్చానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

"సరే, అది నకిలీ రాశి. నకిలీ నాణెం ఉన్నదంటే అసలు నాణెం ఉన్నట్టే గదా" అంటారు కొందరు. వినడానికి చమత్కారంగా ఉన్నది. అయితే అసలు నాణాల టంకశాలకు వెళ్ళి చూద్దాం.

రాశిచక్రం పుట్టినిల్లు బాబిలోనియా. అక్కడి 'ముల్ అపిన్' అనే మట్టిపలకల గ్రంథంలో చంద్రుడి దారిలో ఉండే నక్షత్రమండలాల జాబితా ఒకటున్నది. అవి పన్నెండు కావు. లెక్కించే తీరును బట్టి పదిహేడో, పద్దెనిమిదో. అందులో ఇవాళ మనం మేషం అంటున్న చోట పొట్టేలు లేదు. కూలికి కుదిరిన మనిషి ఉన్నాడు. మరొకచోట ముసలివాడున్నాడు. ఒక గొర్రెలకాపరి ఉన్నాడు. స్వాలో పిట్ట ఒకటున్నది, అది ఉన్న చోట ఇప్పుడు మీనంలోని ఒక చేప ఈదుతున్నది. క్రీస్తుపూర్వం అయిదవ శతాబ్దంలో, ఏడాదికి పన్నెండు నెలలు, నెలకు ముప్పై రోజులు అన్న లెక్కకు సరిపడేటట్టు ఆ దారిని పన్నెండు సమభాగాలు చేశారు. బండిలో చోట్లు పన్నెండే కనుక తక్కినవారు దిగిపోయారు. కాపరి దిగాడు, ముసలివాడు దిగాడు. కూలివాడు ఉన్నచోటే ఉండి పొట్టేలైపోయాడు. తుల సంగతి చెప్పనే అక్కరలేదు. గ్రీకులకు చాలాకాలం అది తేలు పట్టుకారు. అనగా సమతూకానికి మారుపేరైన తులారాశివారు ఒకప్పుడు తేలులో భాగం.

ఆలోచించండి. మేషరాశివారు తలపొగరువారని, ముందుకు దూకేవారని, ఎదురుపడినవారిని పొడుస్తారని చెప్పే సూక్ష్మదర్శనమంతా ఆ పొట్టేలు కొమ్ములనుంచి వచ్చింది. ఆ చోట కూలివాడే నిలిచి ఉంటే? మేషరాశివారు వినయవంతులు, యజమాని మాట జవదాటనివారు, చెమటోడ్చి బ్రతికేవారు అని రాసేవారం. అప్పుడూ మన మేషరాశి మిత్రులు "అచ్చం నా గురించే" అనేవారు. స్వాలో నిలిచి ఉంటే మీనరాశివారందరూ దూరదేశాలకు వలసపోయే యోగం కలవారయ్యేవారు.

మకరం కథ ఇంకా రుచిగా ఉంటుంది. బాబిలోనియాలో అది ముందు మేక, వెనుక చేప. గ్రీకులు మేకకొమ్ములున్నదని 'ఐగోకెరోస్' అన్నారు. ఆరవ శతాబ్దంలో మన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు మరో పేర్లు చెబుతూ దానిని 'ఆకోకేరము' అన్నాడు. మకరానికి లేడి మొగం పెట్టాడు. గజేంద్రమోక్షం చదివి పెరిగిన తెలుగువారికి మకరమంటే మొసలి తప్ప మరొకటి తోచదు. ఫలితం ఏమయింది? పాశ్చాత్యుల పుస్తకాల్లో మకరరాశివారు మేకలా కొండ కొమ్ముకు ఒక్కొక్క అడుగు వేస్తూ ఎక్కేవారు. మన వాడుకలో పట్టిన పట్టు విడవని మొసళ్ళు. ఒక జంతువు మరొక జంతువైనా మనిషి వర్ణన చెక్కుచెదరలేదు. దీనిని బట్టి జంతువే వర్ణనను ఇస్తున్నదనుకోవాలా, వర్ణన ముందే సిద్ధంగా ఉండి ఏ జంతువు దొరికితే దాని వీపెక్కుతున్నదనుకోవాలా?

వరాహమిహిరుడి పేర్లు వచ్చాయి కనుక ఒక మాట. క్రియ, తావురి, జితుమ, లేయ, పాథోన, జూక, కౌర్ప్య, తౌక్షిక... ఇవన్నీ సంస్కృతం వేషం వేసుకున్న గ్రీకు మాటలు. నీళ్ళు పోసేవాడు అన్న అర్థంగల గ్రీకు మాట 'హైడ్రొఖోఓస్' మన దగ్గరకు వచ్చేసరికి 'హృద్రోగము' అయి కూర్చున్నది. కుంభరాశివారి అదృష్టం బాగుండి ఆ పేరు వాడుకలో నిలవలేదు. నిలిచి ఉంటే ఆ రాశివారందరికీ గుండెజబ్బు ప్రతీకాత్మకంగా రాసిపెట్టి ఉండేది, దానికీ ఏదో ఒక ఉపపత్తి దొరికేది. వరాహమిహిరుడిని నేను తక్కువ చేయడం లేదు. మ్లేచ్ఛులైనా యవనులు ఈ శాస్త్రంలో ఋషుల వలె పూజ్యులన్న మాటను బృహత్సంహితలో నిస్సంకోచంగా చెప్పిన పెద్దమనసు ఆయనది. ఇదంతా మన ఋషులు ధ్యానంలో దర్శించారని చెప్పేది ఆయన కాదు, ఆయనను చదవని మనవారు. వేదాంగజ్యోతిషంలో నక్షత్రాలు ఉన్నాయి, మేషాది రాశులు లేవు.

ఇక హేతువాద మిత్రులకు. సర్పధారిని చూపించి జ్యోతిషం కూలిందనడం చేతగాని వాదం. సూర్యుడు ఏటా నవంబరు చివరినుంచి డిసెంబరు 17, 18 వరకు ఆ మండలం గుండా పోతున్న మాట నిజమే. కాని అది 1928, 1930 ప్రాంతంలో అంతర్జాతీయ ఖగోళసమాఖ్య నక్షత్రమండలాలకు గీసిన సరిహద్దుల ప్రకారం. జ్యోతిషంలో రాశి అంటే నక్షత్రమండలం కాదు, ముప్పై అంశల ముక్క. పొలంలో చెట్టు కొమ్మ గట్టు దాటి వచ్చినంత మాత్రాన సర్వే నంబరు మారదు. ఈ జవాబు మామూలు పంచాంగకర్తకు కూడా తెలుసు. మీరు ఓడిపోతారు, ఓడిపోతూనే ఉన్నారు. అంతకంటె గట్టి రాళ్ళు ఉన్నాయి. సాయన నిరయన పద్ధతుల నడుమ తేడా ఇప్పుడు సుమారు 24 అంశలు. ముప్పైలో ఇరవైనాలుగు. అనగా అయిదుగురిలో నలుగురికి సూర్యరాశి ఒక పద్ధతిలో ఒకటి, మరో పద్ధతిలో మరొకటి. రెండు పక్షాలవారూ తమ ఫలమే సరిపోయిందని సాక్ష్యం చెబుతున్నారు. ఇది అడగండి. పుణెలో జయంత్ నార్లికర్ బృందం 2008లో చేసిన పరీక్ష సంగతి అడగండి. చురుకైన పిల్లల జాతకాలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు కలిపి ఏది ఏదో చెప్పమంటే, ఒక్కొక్కరు నలభై జాతకాలు తీసుకున్న 51 మందిలో 27 మందే జవాబులు పంపారు. సగటున నూటికి 46 ఒప్పులు. బొమ్మా బొరుసూ వేసినా సుమారు అంతే.

మూడవ వర్గం మిత్రులు ఇంతవరకు ఓపికగా విని, "మేము ముందే చెప్పాము గదా, ఇది శాస్త్రం కాదు, కవిత్వం. కల్పితమైతే మాత్రం ప్రతీక అబద్ధమవుతుందా?" అంటారని తెలుసు. కవిత్వం మీద నాకున్న గౌరవం కొద్దీ ఈ మాట నాకు మరీ కోపం తెప్పిస్తుంది. ధూర్జటి సాలెపురుగు ఏం చేస్తుంది? ఎనిమిది కాళ్ళ అల్పప్రాణిలో భక్తి ఉండవచ్చునని మనకు తోపింపజేస్తుంది. అంతకుముందు మన కంటికి ఆననిది కనబడేటట్టు చేస్తుంది. అది చదివిన తరువాత చీపురు పట్టుకుని మూలకు వెళ్ళిన చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఉపనిషత్తులో అదే పురుగు మరొకటి అవుతుంది, ఓవిడ్ దగ్గర ఇంకొకటి అవుతుంది. కవి చేతిలో ప్రతీక అర్థాన్ని పెంచుతుంది. రాశిఫలంలో ప్రతీక మనిషిని తగ్గిస్తుంది. నీవు తేలువి, కనుక కుడతావు. నీవు పీతవి, కనుక పక్కగా నడుస్తావు. దీనిని కవిత్వమని పిలవడం కవిత్వానికి చేసే ఉపకారం కాదు. పైగా ఏ కవీ తన ఉపమానాన్ని పెళ్ళిచూపులకు పంపలేదు.

అవును, మాట పెళ్ళిళ్ళ దగ్గరకు రావలసిందే. ప్రతీకలే గదా, ఎవరికి నష్టం అనేవారు యోని పొంతన పట్టికను ఒకసారి తెరిచి చూడండి. అష్టకూటాల లెక్కలో మొత్తం 36 గుణాలు, అందులో యోనికి నాలుగు. ప్రతి నక్షత్రానికీ ఒక జంతువు. అశ్వినీ శతభిషాలకు గుర్రం, భరణీ రేవతులకు ఏనుగు, పునర్వసు ఆశ్లేషలకు పిల్లి, మఖా పుబ్బలకు ఎలుక, చిత్తా విశాఖలకు పులి, ఉత్తరా ఉత్తరాభాద్రలకు ఆవు... ఇట్లా పద్నాలుగు జంతువులు. వాటిలో ఏడు శత్రుజంటలు. పిల్లికీ ఎలుకకూ, ఆవుకూ పులికీ, పాముకూ ముంగిసకూ, కుక్కకూ లేడికీ, ఏనుగుకూ సింహానికీ, కోతికీ మేకకూ, గుర్రానికీ దున్నకూ పడదు కనుక ఆ నక్షత్రాలవారికి యోని గుణాలు సున్న.

ఈ వైరాల జాబితా నక్షత్రాలను చూసి రాసినది కాదు. వాడుకలో ఉన్న లోకోక్తి. శాశ్వతవైరం గల ప్రాణుల పేర్లు సమాసమైతే ఏకవచనం వస్తుందని పాణిని సూత్రం చేశాడు. మార్జారమూషకం, అహినకులం అని వ్యాకర్తలు ఉదాహరణలు ఇచ్చారు. వ్యాకరణ పాఠంలో ఉదాహరణలుగా ఉండవలసిన పిల్లీ ఎలుకా ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్న ఇద్దరు చదువుకున్న పిల్లల నడుమ అడ్డంగా కూర్చున్నాయి. మా దూరపు బంధువుల ఇంట ఒక సంబంధం అన్ని విధాలా కుదిరింది. పిల్లవాడిది ఆశ్లేష, పిల్లది మఖ. ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఇష్టపడ్డారు. ఎవరో కంప్యూటరులో పొంతన చూశారు. యోని దగ్గర సున్న వచ్చింది, పక్కన ఎర్ర అక్షరాల్లో 'వైరం' అని వచ్చింది. మిగతా గుణాలు ఎన్ని వచ్చాయని కూడా ఎవరూ అడగలేదు. పిల్లి ఎలుకను తినేస్తుంది గదా అన్న బొమ్మ ఒక్కటి చాలింది. ప్రతీకకు ఉన్న బలం అది. అంకె అయితే మనిషి బేరమాడతాడు, బొమ్మతో బేరమాడలేడు.

ఈ నష్టం ఎంతో లెక్క కట్టవచ్చు. 27 నక్షత్రాల వధువుకు 27 నక్షత్రాల వరుణ్ణి జతచేస్తే 729 జతలు. వాటిలో శత్రుయోని జతలు ఎన్నో కాగితం మీద వేసి చూశాను, 52 వచ్చాయి. నూటికి ఏడు. ఏ లోకం, ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది లేకుండా, కుదరవలసిన సంబంధాల్లో నూటికి ఏడింటి మీద ఈ జంతుప్రదర్శనశాల నిషేధం విధిస్తున్నది. శాంతులు, పరిహారాలు, మినహాయింపులు ఉన్నాయంటారు. ఉన్నాయి. వాటికి ఖర్చులూ ఉన్నాయి.

ఆ 52 అనేది నిజానికి 56 కావలసింది. కాకపోవడానికి కారణం ముంగిస. పట్టిక వేసిన నాడు నక్షత్రాలు 28 అనుకున్నారు. వైదిక జాబితాల్లో కొన్నింట 27, కొన్నింట 28 ఉంటాయి. ఇరవైఎనిమిదవది అభిజిత్తు. జంతువుకు రెండు నక్షత్రాల చొప్పున, ఒకటి ఆడ ఒకటి మగ, చక్కగా సరిపోయింది. తరువాత పొంతనల లెక్కలోనుంచి అభిజిత్తు తప్పుకున్నది. అన్ని జంతువులకూ జంట మిగిలింది, ముంగిసకు మాత్రం ఒక్క ఉత్తరాషాఢే మిగిలింది. అనగా మన ఆకాశంలో కూడా ఒకరు ఎక్కారు, ఒకరు దిగారు. దిగినవారి జంతువు మాత్రం పట్టికలో ఒంటరిగా తిరుగుతూ ఎవరి పెళ్ళి చెడగొడదామా అని చూస్తున్నది. స్లాడెక్ ఒక రాశిని చేరిస్తే నవ్వాము. మనవారు ఒక నక్షత్రాన్ని తీసివేసి పట్టికను దిద్దుకోకుండానే వాడుతుంటే మాత్రం సంప్రదాయమంటున్నాము.

దీనికి జవాబు రాయదలచిన మిత్రులకు నాదొక షరతు. మీ రాశి జంతువును తీసి పక్కన పెట్టండి. దాని స్థానంలో సాలెపురుగునో, బాబిలోనియా కూలివాడినో, ముంగిసనో కూర్చోబెట్టి మీ గుణగణాలు ఒక పది వాక్యాలు నిజాయితీగా రాయండి. ఇంట్లోవారికి చూపండి. "ఇది నీవు కాదు" అని వారంటే, ఆ పది వాక్యాలూ నాకు పంపండి, నేను మళ్ళీ మాట్లాడతాను.